విశాఖ తీరంలో ఆటు వేళ రాళ్ల గుంటలు చూడాలంటే ఎలా?

"రుషికొండ వెళ్లాం, తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర కూడా రెండు గంటలు తిరిగాం. అలలు తప్ప ఏమీ కనిపించలేదు. మీరు చెప్పిన పీతలు, సీ అనెమనీలు ఎక్కడున్నాయి?" సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎన్ని గంటలకు వెళ్లారు?

భోజనం అయ్యాక వెళ్లామనో, సూర్యోదయం చూద్దామని వెళ్లామనో చెబుతారు. వెళ్లిన చోటు సరైనదే, వెళ్లిన వేళ కాదు. వాళ్లు నిలబడ్డ రాళ్ల పక్కనే, మనిషి నడుము లోతు నీళ్ల కింద, ఆ జీవులన్నీ ఉన్నాయి. ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గిన రెండు గంటల్లోనే, రాళ్ల మధ్య నీళ్లు నిలిచిన గుంటల్లో అవి మనకు కనిపిస్తాయి. ఆ రెండు గంటలు ఎప్పుడొస్తాయో ముందే తెలుసుకోవడం ఎలా, తెలుసుకున్నాక ఎవరికీ దెబ్బ తగలకుండా, అక్కడి జీవులకు హాని చేయకుండా చూసి రావడం ఎలా అన్నది ఇక్కడ వరసగా చెబుతాను.

కావలసినవి

- పంచాంగం, లేదా తిథులు వేసిన మామూలు గోడ క్యాలెండర్
- విశాఖపట్నం పోర్టుకు సంబంధించిన ఆటుపోట్ల పట్టిక
- మడమ, వేళ్లు మూసి ఉండే పాత కాన్వాస్ బూట్లు. హవాయి చెప్పులు వద్దు, ఉత్త కాళ్లు అసలే వద్దు
- టోపీ, పూర్తి చేతుల చొక్కా, మనిషికి కనీసం లీటరు తాగునీరు
- చిన్న గొడుగు (ఎండకే కాదు, దాని అసలు పని తర్వాత చెబుతాను)
- ఫోన్‌కు నీళ్లు పడని కవరు, మెడలో వేసుకునే తాడు
- గాయాలకు వేసే పట్టీలు, చిన్న పట్టుకారు
- మీతో పాటు ఇంకొక మనిషి. దీనికి ప్రత్యామ్నాయం లేదు

బకెట్, వల, గాజు సీసా తీసుకెళ్లకండి. పిల్లల చేతిలో వల ఉంటే అది ఊరికే ఉండదు.

1. ముందు తిథి చూసి రోజు ఎంచుకోండి

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీత మీద పనిచేస్తుంది కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు. విశాఖ దగ్గర ఆ రోజుల్లో పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమి, నవమి తిథుల్లో అది అర మీటరు చుట్టుపక్కలకు పడిపోతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లాగా మనకు మీటర్లకు మీటర్లు నీరు వెనక్కి పోదు. ఉన్న తేడానే తక్కువ కాబట్టి మన తీరంలో రోజు ఎంచుకోవడం ఇంకా ముఖ్యం.

సముద్రం చంద్రుణ్ణి కాస్త ఆలస్యంగా అనుసరిస్తుంది. అందుకే సరిగ్గా పౌర్ణమి నాటి కంటే ఆ తర్వాతి పాడ్యమి, విదియ నాడు ఆటు తరచుగా ఇంకా కిందికి దిగుతుంది. నన్నడిగితే పౌర్ణమి నుంచి తదియ వరకు, అలాగే అమావాస్య నుంచి తదియ వరకు మంచి రోజులు. అంటే నెలకు ఎనిమిది. అందులో ఆదివారం పడిందా లేదా అన్నది తర్వాత చూసుకోండి. ఆదివారాన్ని ముందు పెట్టుకుని తిథిని వెతికితే సగం సార్లు అష్టమే ఎదురవుతుంది.

ఏ నెలైనా ఒకటేనా అని అడుగుతారు. కాదు. మన తీరంలో సముద్రం సగటు మట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి చుట్టుపక్కల బాగా తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ మూడు నెలల్లోనే పెట్టుకోండి. నైరుతి రుతుపవనాల కాలంలోనూ, తుపాన్లు వచ్చే అక్టోబరు–డిసెంబరు మధ్యా ఆటు ఎంత బాగున్నా అలలు దగ్గరికి రానివ్వవు.

2. పట్టిక చూసి గంట ఖాయం చేసుకోండి

తిథి రోజును మాత్రమే చెబుతుంది. గంట కోసం ఆటుపోట్ల పట్టిక కావాలి. సముద్ర సమాచారం అందించే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైట్‌లో పోర్టుల వారీగా ఈ అంచనాలు ఉంటాయి. ఫోన్‌లో టైడ్ యాప్ వాడినా ఫర్వాలేదు. ఏది చూసినా ఈ నాలుగు తప్పులు చేయకండి.

మొదటిది, పోర్టు తప్పు ఎంచుకోవడం. యాప్ దానంతటదే చెన్నై సమయాలో పారాదీప్ సమయాలో చూపిస్తుంది. పైన విశాఖపట్నం అని ఉందో లేదో చూడండి. భీమిలి వరకు ఆ పట్టికే వాడుకోవచ్చు, తేడా కొద్ది నిమిషాలే.

రెండోది, సమయం. కొన్ని పట్టికలు గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. వాటికి ఐదున్నర గంటలు కలపాలి. నేను మొదటిసారి ఇక్కడే బోల్తా పడ్డాను. తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ లేపి తీసుకెళ్తే నిండు పోటు మా కోసం ఎదురు చూస్తోంది.

మూడోది, రాత్రి ఆటును పగటి ఆటు అనుకోవడం. రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు ఉంటాయి. వరుసగా వచ్చే రెండు ఆట్ల మధ్య దాదాపు పన్నెండు గంటల పాతిక నిమిషాల ఎడం ఉంటుంది. పట్టికలో అన్నిటికంటే తక్కువ అంకె అర్ధరాత్రి దాటాక ఉంటే అది మీకు పనికిరాదు. పగటి వెలుగులో పడే ఆటునే తీసుకోండి.

నాలుగోది అందరూ చేసేదే. పట్టికలో 0.3 మీటర్లు అని ఉంటే నీళ్లు చీలమండ దాకానే ఉంటాయని అనుకుంటారు. ఆ అంకె నీటి లోతు కాదు. పోర్టు లెక్కల కోసం పెట్టుకున్న ఒక ఆధార మట్టం నుంచి నీటి ఎత్తు అది. ఒక రోజును ఇంకో రోజుతో పోల్చుకోవడానికే దాన్ని వాడండి. అంకె ఎంత తగ్గితే రాళ్లు అంతగా బయటపడతాయి.

ఆటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రోజు మూడింటికి ఉంటే రేపు దాదాపు మూడూ యాభైకి, ఎల్లుండి దాదాపు నాలుగూ నలభైకి. నడిమధ్యాహ్నం పడే ఆటు కంటే ఎండ తగ్గాక పడే ఆటును ఎంచుకోండి. మీ సుఖం కోసమే కాదు. మన ఎండలకు గుంటల్లో నీళ్లు వేడెక్కిపోతాయి, అందులోని జీవులు రాతి నీడల్లోకి దూరిపోయి కనిపించవు.

3. బయలుదేరే ముందు అలల సంగతి చూడండి

ఆటుపోట్ల పట్టిక చంద్రుడి లెక్క. గాలి, తుపాను దానికి తెలియవు. వెళ్లే ముందు రోజు సాయంత్రం, వెళ్లే రోజు ఉదయం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు అంచనా, హెచ్చరికలు చూడండి. ఒకటిన్నర మీటరు మించి అలలున్నాయంటే నేను వెళ్లను. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో లేచిన పెద్ద అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ ఆకు కూడా కదలని రోజున తీరాన్ని కొడతాయి.

ఈ తీరం బలం ఎంతో తెలియాలంటే 2020 అక్టోబరును గుర్తు చేసుకోండి. వాయుగుండం వేళ బంగ్లాదేశ్ సరుకు ఓడ "ఎంవీ మా" లంగరు తెగి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికే కొట్టుకొచ్చింది. ఓడనే అంత దూరం తెచ్చిన నీటికి మనిషి ఒక లెక్క కాదు.

4. చోటు

తెన్నేటి పార్కు కింది రాళ్లు, జోడుగుళ్లపాలెం, రుషికొండ దగ్గర రాళ్లున్న అంచులు, మంగమారిపేట, భీమిలి. వీటిలో మీకు దగ్గరగా ఉన్నది చాలు. ఇసుక పరుచుకున్న చోటు కాదు, బల్లపరుపు రాళ్లు సముద్రంలోకి వాలుగా దిగే చోటు వెతకండి. నిటారుగా ఉండే బండల దగ్గర గుంటలు ఏర్పడవు, అలలు నేరుగా గుద్దుతాయి. విశాఖ తీరంలో కొన్ని భాగాలు నౌకాదళానివి. బోర్డు ఉంటే అటు వెళ్లకండి.

ఏ దారిన రాళ్ల మీదికి వెళ్తున్నారో, పోటు వస్తే అదే దారిన వెనక్కి రాగలరో లేదో చూసుకోండి. మధ్యలో పల్లం ఉందంటే ముందు నీళ్లు నిండేది అక్కడే. మీరు అవతల నిలబడి సముద్రం వైపు చూస్తుంటే వెనక దారి మూసుకుపోతుంది. పక్కన వేటకు వెళ్లివచ్చిన మత్స్యకారులు ఎవరైనా ఉంటే అడగండి: "అన్నా, నీళ్లు ఇంకా దిగుతున్నాయా, తిరిగాయా?" ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఏ యాప్ కంటే నమ్మకమైనది.

5. ఆటుకు గంటన్నర ముందే చేరుకోండి

చాలామంది ఆటు నాలుగున్నరకు అంటే నాలుగున్నరకే వస్తారు. అప్పటికి నీరు తిరగబోతూ ఉంటుంది. మీరు మూడింటికే ఉండాలి. దిగుతున్న నీటి వెంట నెమ్మదిగా కిందికి నడవాలి. ఆటు సమయం కాగానే, ఎంత బాగున్నా, ఒడ్డు వైపు తిరగాలి.

ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. దిగడానికీ ఎక్కడానికీ నీటికి సుమారు ఆరేసి గంటలు పడుతుంది, కానీ గంట గంటకూ సమానంగా ఎక్కదు. మొత్తం తేడాను పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడులో మూడు, నాలుగులో మూడు, ఐదులో రెండు, ఆరులో ఒకటి. తేడా 150 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి గంటలో పెరిగేది 12.5 సెంటీమీటర్లే. "ఇంకా చాలా టైముంది" అనిపించేది అప్పుడే. రెండో గంటలో 25, మూడో గంటలో 37.5. అంటే మూడు గంటలకు 75 సెంటీమీటర్లు, పదేళ్ల పిల్లవాడికి దాదాపు నడుము దాకా. దాని మీద అల వేరే. ఆటు దాటిన ముప్పావు గంటకల్లా అందరూ ఇసుక మీదికి వచ్చేయాలన్నది నా నియమం.

6. వచ్చిన వేళ సరైనదేనా? రాళ్లను చూసి తేల్చుకోండి

రాతి పై భాగం తెల్లగా పొడిగా ఉంటుంది. దాని కింద తడిసిన ముదురు పట్టీ. ఆ పట్టీలో చేత్తో తాకితే గీరుకునేలా, చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా అంటుకుని ఉండే గుల్ల జీవులు బార్నకిల్స్. ఇంకా కింద ఆల్చిప్పలు, పాచి. బార్నకిల్స్ పట్టీ మొత్తం గాలిలో ఉండి, కింద పాచి రాతికి అతుక్కుని వాలిపోయి కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టు. అలలు బార్నకిల్స్‌నే తడుపుతుంటే తొందరపడ్డారు, లేదా ఆలస్యమైంది.

ఏది జరిగిందో తేల్చడానికి సముద్రంతో కలిసి ఉన్న ఒక నెమ్మదైన నీటి అంచు దగ్గర గులకరాయి పెట్టండి. పావుగంట తర్వాత చూడండి. రాయి పొడి నేల మీద మిగిలితే నీరు దిగుతోంది, కూర్చుని వేచి ఉండండి. రాయి మునిగితే ఈ రోజుకు వెనక్కి తిరగండి.

7. నడక

విశాఖ కొండలూ ఈ రాళ్లూ చాలావరకు ఖోండలైట్ శిల. గరుకైనదే, కానీ పాచి పట్టిందంటే సబ్బులా ఉంటుంది. పచ్చగా మెరిసేది జారుతుందని అందరికీ తెలుసు. నల్లగా, తడిగా, ఏమీ లేనట్టు కనిపించేది కూడా అంతే జారుతుంది. ఎక్కువమంది పడేది దాని మీదే. పొడి రాయి మీదే అడుగు వేయండి. ఒక కాలు నిలిచాకే రెండోది తీయండి. దూకకండి. పిల్లలు ముందు పరిగెత్తకుండా చేయి పట్టుకోండి.

రాళ్ల మీద గోధుమ రంగులోనో పచ్చగానో మెత్తటి చాపలా పరుచుకుని ఉండేది పాచి కాకపోవచ్చు. జోయాంతిడ్స్ అనే చిన్న జీవుల గుంపు అది. దాని మీద కాలు పెడితే నలిగిపోతాయి. చేత్తో తాకినా మంచిది కాదు, వాటిలో కొన్నిటికి విషం ఉంటుంది.

సముద్రానికి ఎప్పుడూ వీపు చూపకండి, ముఖ్యంగా సెల్ఫీ కోసం. ఇద్దరు వెళ్తే ఒకరు గుంటను చూస్తుంటే ఇంకొకరు అలను చూడాలి, తర్వాత మారాలి.

8. గుంట దగ్గర కూర్చోండి

ఇంత కష్టపడి వచ్చేది దీనికోసమే, కాబట్టి ఇక్కడ తొందర వద్దు. పది గుంటలు చూడటం కంటే ఒక్క గుంట దగ్గర పది నిమిషాలు కూర్చోవడం మేలు. మీ నీడ నీళ్ల మీద పడగానే లోపలున్నవన్నీ దాక్కుంటాయి. అందుకని పక్కగా కూర్చుని, గొడుగును ఆకాశపు వెలుగు నీళ్ల మీద పడే వైపు పట్టండి. నీటి పైన తళుకు పోతుంది, అడుగు దాకా గాజులా కనిపిస్తుంది. గొడుగు తెమ్మన్నది ఇందుకే.

మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. ఇసుక, రాళ్లు, నాలుగు నత్తగుల్లలు. తర్వాత ఒక గుల్ల మిగతా వాటి కంటే వేగంగా కదులుతుంది. నత్త అలా నడవదు. జాగ్రత్తగా చూస్తే గుల్ల కింద నుంచి ఆవగింజంత కళ్లు రెండు, సన్నని కాళ్లు బయటికొస్తాయి. అది సన్యాసి పీత, ఎవరో వదిలేసిన గుల్లను ఇల్లు చేసుకుంది. ఒకసారి అది తన గుల్ల పక్కనే ఇంకో ఖాళీ గుల్లను దొర్లించి, ఆ గుల్ల నోట్లో కాలు పెట్టి కొలిచి, చటుక్కున మెత్తటి ఒళ్లు బయటికి లాగి అందులోకి మారిపోవడం చూశాను. అంతా రెండు క్షణాలు. ఆ రోజు నుంచి తీరంలో ఒక్క గవ్వ కూడా ఇంటికి తెచ్చుకోలేదు.

ఇంకాస్త ఆగితే ఎముకలు కూడా కనిపించేంత పారదర్శకమైన రొయ్య పిల్ల అనిపించేది ఒకటి వస్తుంది. నిజానికి అవి ఎముకలు కావు, లోపలి పేగు గీత. రాతి అంచున చిన్న పువ్వులా విచ్చుకునేది సీ అనెమనీ. నీళ్లు లేని చోట అదే అనెమనీ జిగట ముద్దలా ముడుచుకుని ఉంటుంది, చచ్చిపోయిందనుకుని గీకకండి. పగుళ్లలో నల్లటి ముళ్ల బంతులు సీ అర్చిన్లు.

9. చేయకూడనివి, ఎందుకో కూడా

చిన్న రాయి ఎత్తి చూడొచ్చు, కానీ నెమ్మదిగా ఎత్తి, అదే వైపు కిందికి ఉండేలా, అదే చోట పెట్టాలి. రాయి అడుగున ఉండేవి ఎండను ఓర్చుకోలేవు. తిరగేసి వదిలేసిన రాయి కింది బతుకులన్నీ గంటలో అయిపోతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను పక్కవాళ్లకు కూడా చెబుతాను, మొహమాటపడను.

సన్‌స్క్రీన్, దోమల క్రీము రాసుకున్న చేతులు గుంటలో పెట్టకండి. బకెట్ నీళ్లంత గుంటకు ఆ కొంచెం కూడా ఎక్కువే. పీతను ఒక గుంట నుంచి ఇంకో గుంటలోకి మార్చకండి. పగడాలు, సముద్ర గుర్రాలు, సీ కుకుంబర్ల వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, తెచ్చుకోవడం నేరం. శీతాకాలం చివర్లో ఇదే తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో కంచె కనిపిస్తే దూరంగా నడవండి.

శంకువు ఆకారంలో, అందమైన చారలతో ఉండే గవ్వను అస్సలు పట్టుకోవద్దు. కోన్ స్నెయిల్ అంటారు. లోపల జీవి ఉంటే విషపు ముల్లుతో పొడుస్తుంది, ప్రాణానికే ప్రమాదం.

10. దెబ్బ తగిలితే

బార్నకిల్ గీరుకుంటే మంచినీళ్లతో బాగా కడిగి పట్టీ వేయండి. చిన్నదే అని వదిలేస్తే చీము పడుతుంది. సీ అర్చిన్ ముల్లు దిగితే సూదితో తవ్వకండి, ముక్కలై లోపలే ఉండిపోతుంది. ఒళ్లు కాలనంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పెడితే నొప్పి తగ్గుతుంది, తర్వాత డాక్టరుకు చూపించండి. జెల్లీచేప తగిలితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులను పట్టుకారుతో తీయండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు మొద్దుబారినా, కోన్ స్నెయిల్ పొడిచినా టెన్షన్ పడుతూ అక్కడే కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

తిథి కుదరకపోతే

రెండు రోజుల ట్రిప్‌కే వచ్చారు, ఆ రోజు అష్టమి అయింది. అప్పుడు రాళ్ల మీద పట్టుబట్టకండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, వాటికి ఆటుతో పని లేదు. ఉదయాన్నే వెళ్లి, అంచుల మీద ఎక్కకుండా, ఉన్న బాటల్లో నడవండి. ఆ మట్టి వేళ్లతో గీకితే రాలిపోతుంది. మంగమారిపేట సహజ శిలాతోరణాన్ని ఒడ్డు నుంచే చూడొచ్చు, దాని మీదికి ఎక్కొద్దు. భీమిలి ఇసుకలో ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తే ఆగి పిడికెడు తీసి చూడండి. ఎర్రటివి గార్నెట్ అనే ఖనిజపు రేణువులు, నల్లటివి ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఖనిజం. కొండరాళ్లు అరిగి వచ్చినవే. ఇంకో రోజు చేతిలో ఉంటే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడవండి. అక్కడా ఆటు వేళకు వెళ్తే బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, పీతలు ఎక్కువ కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక

బూట్లు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించండి. ఆ రాత్రే ఒక నోటుబుక్కులో నాలుగు గీతలు రాసుకోండి: తిథి, పట్టికలో ఆటు గంట, పట్టికలో అంకె, ఏ రాయి దాకా నీరు దిగింది. ఒక ఊళ్లో పౌర్ణమి ఆటు ప్రతిసారీ ఇంచుమించు ఒకే గంటకు వస్తుంది. మూడు నాలుగు సార్లు రాసుకుంటే ఆ గంట మీకే తెలిసిపోతుంది. "అంకె ఇంత కంటే తక్కువ ఉంటేనే ఆ నల్ల బండ బయటపడుతుంది" అని మీ చోటుకు మీ సొంత లెక్క దొరుకుతుంది. తర్వాతి నెల క్యాలెండర్ తిప్పి, పౌర్ణమి పక్కన ఆ గంట రాసి పెట్టుకోండి.